నాలుగో బుష్

బాకీ కింద వచ్చింది నాకీ బండి.
గ్రానైటు కోత మిషన్లకు నేను తిప్పిచ్చిన షాఫ్టుల లెక్క
ఎనిమిది లక్షల చిల్లర.
క్వారీ మూతబడినాక భక్తవత్సల నాయుడు
"డబ్బు లేదబ్బా, ఇది ఉండాది, తీసుకుపో" అన్నాడు.
టార్పాలిన్ ఎత్తితే
డ్రైవరు సీట్లో కోడిపెట్ట పొదుగుతా ఉంది.
డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఇటలీ ఎరుపు,
ఎండకు వెలిసి పాత ఇటుక రంగు.

గ్రీమ్స్‌పేటలో నా లేత్ షాపుకి
ట్రాక్టరు కట్టి లాక్కొచ్చిన దినం
వీధి వీధంతా ముందు మూత ఎత్తి చూసింది.
"ఇంజనేదీ?"
వెనకాల, అన్నాను.
"వెనకాల ఇంజనుండే బండికి ముందుచూపేం ఉంటాదిలే"
అన్నాడు టీకొట్టు గుర్రప్ప.
నిజమే.
ఆ ముందు గుంతలో తోతాపురి బుట్ట ఒక్కటి పడుతుంది,
రెండోది పట్టదు.

క్లచ్చి తొక్కడమంటే
తడిసిన వడ్ల మూటని పాదంతో నెట్టడం.
స్పీడు బ్రేకరు కనబడితే నేరుగా పోకూడదు,
ఎండ్రకాయలాగా ఏటవాలుగా
ఒక్కొక్క చక్రాన్నీ బతిమాలి దాటించాలి.
స్టీరింగు ఎడమపక్క.
ఫాస్టాగు ఉంది గానీ వాలిపోయిన అద్దం మీద
దాన్ని ఏ మిషనూ చదవదు.
టోల్‌గేటులో డబ్బు అందియ్యడానికి పక్క సీట్లో మనిషి కావాలి.
వనజాక్షి రానంటే
అప్రెంటిసు మునిచంద్రకు ఆ పూట ఉద్యోగం అదే.
పైకి లేచే దీపాలు రెండు:
ఒకటి లేస్తుంది, ఇంకోటి మనసైతే.
ఎదురొచ్చే లారీవాళ్ళు కన్ను కొట్టిందనుకుని
హారను కొట్టి పోతారు.

నడిపితే అరుగుతుంది, సరే.
నిలబెట్టినా ముసలిదవుతుంది లోపలి బెల్టు.
మీటరు కాదు, క్యాలెండరు చూసి మార్చాలి.
కార్బురేటర్లు నాలుగు.
మస్తాన్ రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని
ఒక్కొక్కదాని ఊపిరి వింటాడు,
"మూడోది ఆయాసపడతా ఉండాది సామీ."

గేరు కడ్డీ కింద బుష్ అరిగిపోయింది ఒక ఎండాకాలం.
ఇటలీకి రాస్తే
ఆరు వారాలు, కస్టమ్సు, నలభై వేలు,
బొటనవేలంత ముక్కకి.
ఆదివారం షట్టరు సగం దించి
కంచు కడ్డీ చక్కులో బిగించాను.
మూడు పారేశాను.
నాలుగోది నూనె పెట్టకుండానే జారి కూర్చుంది.

పోయిన నెల బెంగుళూరునుంచి ఒకాయన వచ్చాడు.
చాప తనే తెచ్చుకున్నాడు, టార్చి తనే తెచ్చుకున్నాడు,
గంటసేపు బండి కింద పడుకున్నాడు.
లేచి, తెల్ల గ్లవుజు విప్పుతూ,
"ఆ బుష్ ఒరిజినల్ కాదు" అన్నాడు,
"రెండు లక్షలు తగ్గించాలి."
కాదు, అన్నాను. చిత్తూరుది.
ఆయనకు నవ్వు రాలేదు.
తగ్గించినా ఆ డబ్బుకు
సీఎన్‌సీ మిషనొకటి వచ్చేది, షాపుకి కొత్త రేకులూ వచ్చేవి.
నాకూ తెలుసు.
ఆయన పోయినాక సెల్ఫు కొడితే
బండి పలకలేదు కూడా.

వనజాక్షి మూడు దినాలు మాట్లాడలేదు.
నాలుగోనాడు, ఇంకా కోడి కూయకముందే,
షాపు కాడికి వచ్చి
కుడిపక్క సీట్లో కూర్చుంది
గుప్పిట్లో టోలు డబ్బు పట్టుకుని.

బంగారుపాళ్యం దాటేదాకా ఇంజను వేడెక్కదు,
అంతవరకూ రెండో గేరు పడదు;
ఒకటి నుంచి మూడుకి ఎగరాలి, వాగు దాటినట్టు.
మొగిలి ఘాటు మొదటి మలుపులో
నాలుగు గొంతులూ ఒక్కటయ్యాయి.
మోకాళ్ళ దగ్గర సెగ, ముక్కులో పెట్రోలు,
సీటు తోలులో ఎంత కడిగినా పోని కోడి వాసన.
లోపల మాట వినబడదు.
ఆమె ఏదో అంది.
"ఆ?"
మళ్ళీ అంది. వినబడలేదు.

రెండు నుంచి మూడుకి మార్చాను.
కంచులో కడ్డీ
టక్కున కూర్చున్న ఆ చిన్న దెబ్బ
నా అరచేతికొక్కదానికే తెలిసింది.
పైన పలమనేరు చలిగాలి.
ఎడమ దీపం దానంతటదే
మూసుకుంది.